ఎంగిలి మలుపు

ఎటోబికో,
మార్చి 3, మంగళవారం.

చిరంజీవి ధరణికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నాన్నగారి షుగరు తప్ప మేమిద్దరం క్షేమం. అక్కడ నీ కుడికాలి బొటనవేలు తప్ప నువ్వూ క్షేమమని తలుస్తాను.

ముందుగా ఒక మాట. తెలుగు పైకి చదివితేగానీ నీకు బుర్రకెక్కదని నాకు తెలుసు. పద్నాలుగో ఏట నిన్ను బ్యాలే స్కూలు హాస్టల్లో వేసినప్పుడు వాళ్ళు సాయంత్రాలు ఫోన్లు తీసేసుకునేవాళ్ళని ఈ ఉత్తరాలు మొదలుపెట్టాం. నేను తెలుగులో రాస్తాను, నువ్వు ఇంగ్లీషులో జవాబిస్తావు. పదేళ్ళయినా ఎవరి పట్టు వాళ్ళం వదల్లేదు. అందుకని ఈ ఉత్తరం మాత్రం డ్రెస్సింగ్ రూములో విప్పకు. ఇంటికి వెళ్ళి, తలుపేసుకుని చదువు. ఇందులో కొన్ని మాటలు నీ గొంతుతో నువ్వే వినాల్సి వస్తుంది. అవి నీకు నచ్చకపోవచ్చు.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు. నాన్నగారు వాకింగుకి వెళుతున్నారా అని అడిగావు. మాల్లో రోజూ గంటసేపు నడుస్తున్నానంటారు. ఎస్కలేటర్ మీద నుంచుని దాన్ని నడవనిస్తున్నారని నా అనుమానం. గోంగూర పచ్చడి అందిందన్నావు, సంతోషం. సీసా నీ రూమ్మేట్‌కి కనబడనీయకు. పోయినసారి ఆ అమ్మాయి జామ్ అనుకుని బ్రెడ్డు మీద రాసుకుని ఎంత అవస్థ పడిందో నువ్వే రాశావు.

బాలత్రిపురసుందరి గారు ఆ మాట నిజంగా అన్నారా అని అడిగావు. అన్నారు. అసోసియేషన్ పాట్‌లక్‌లో, పులిహోర వడ్డిస్తూ, పదిమందీ వింటుండగా అన్నారు.

"ఏమ్మా పద్మినీ, మీ అమ్మాయి ఇంకా ఆ కాళ్ళెత్తే డాన్సే చేస్తోందా? శుభ్రంగా మన కూచిపూడి నేర్పించుంటే ఈపాటికి అరంగేట్రం అయిపోయి, మెడిసిన్‌కి అప్లై చేసుండేది కదా."

"కూచిపూడిలోనూ కాళ్ళెత్తుతారు ఆంటీ. అప్పుడు మీరు ఫోన్ చూసుకుంటుంటారు" అన్నాను.

నాన్నగారు నా మోచెయ్యి గిల్లారు. రెండో విడత పులిహోర నా దాకా రాలేదు. రాకపోతే మానె. కూచిపూడి మీద నాకేం కోపం లేదు, ఆవిడకంటే ఎక్కువే చూశాను. నా కూతురు ఏ నేల మీద ఏ కాలు ఎత్తాలో పులిహోర గరిటె పట్టుకున్నవాళ్ళు చెప్పనక్కర్లేదని నా ఉద్దేశం.

ఇక అసలు సంగతికి వస్తాను. పిండిమర బ్యాలేలో వేషం వెనక్కి ఇచ్చేస్తానని రాశావు. ఆ పాత రెండంకాల బ్యాలేకి ఎంత గొప్ప ఫ్రెంచి పేరున్నా మనింట్లో అది పిండిమర బ్యాలేనే, ఎందుకంటే కథంతా ఒక మరవాడి కూతురిది. మొదటి అంకంలో పిండి జల్లిస్తూ పడవవాడిని ప్రేమిస్తుంది, రెండో అంకంలో ఏటి ఒడ్డున అతని కోసం ఎదురుచూస్తుంది. ఫిబ్రవరి టూర్లో, మన కెనడాలోని లండన్‌లో ఆదివారం మ్యాట్నీకి, పెద్ద డాన్సర్‌కి జ్వరమొచ్చి నీకు ఆ వేషం దొరికింది. అది చూసి మీ డైరెక్టర్ ఏప్రిల్లో సస్కటూన్ షోలు నాలుగూ నీకే ఇచ్చాడు. నువ్వేమో వద్దంటున్నావు. ఆలోచించుకుని పదమూడో తారీకు శుక్రవారం లోపల చెప్పమన్నాడని రాశావు.

"అందరూ మర్యాదకి పొగిడారమ్మా. ఆ ఫోరంలో 'చివరి వరస' అనే మనిషి ఒక్కరే నిజం రాశారు. నేను ఆ వేషానికి తగను" అని నీ మాట. ఆ మనిషి ఎవరో నీకు తెలుసా, ఇన్నేళ్ళ నుంచి ఇంటర్నెట్‌లో ఆ బ్యాలే అభిమానుల ఫోరం చదువుతున్నావు కదా అని కూడా అడిగావు. దానికి జవాబిస్తాను. కాస్త ఆగు.

ముందు నేను ఒప్పుకోని సంగతులు చెప్పనీ. నేను బ్యాలే చూడటం మొదలుపెట్టి ఈ చలికాలానికి ముప్పై ఏళ్ళు. మేము వచ్చిన ఏడు ఆస్పత్రి ల్యాబులో నా పక్క కుర్చీ ఆవిడకి ఫ్లూ వచ్చి, వృథా అవుతుందని తన టికెట్ నాకిచ్చింది. బాల్కనీలో చివరి వరస. స్టేజి మీద మనుషులు ఉసిరికాయంత కనబడ్డారు. వాళ్ళలో ఒకావిడ ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యి పైకెత్తి, దించడం మరిచిపోయినట్టు ఊరుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ పిచ్చి ఇంకా దిగలేదు. జీతం పెరిగాక కూడా నేను చివరి వరస మార్చలేదు. అక్కణ్ణుంచి ముఖాలు కనబడవు కాబట్టి ఎవరూ నవ్వుతో మోసం చెయ్యలేరు.

కాబట్టి మీ కంపెనీ గురించి మాట్లాడే హక్కు నాకుంది. నీ పార్ట్‌నర్‌కి ఆ పడవవాడి వేషం ఇవ్వడం తప్పు. నిన్ను విమానంలో పై అరలో పెట్టె సర్దినట్టు ఎత్తుతాడు, దించగానే జనం వైపు తిరిగి ఛాతీ విరుచుకుంటాడు. ప్రేమించినవాడు దించిన తరవాత అమ్మాయి వైపు చూడాలి. మరవాడి భార్యగా వేసే ఆ నడివయసు డాన్సర్‌ని రెండు నిమిషాలకి పరిమితం చెయ్యడం అన్యాయం. జల్లెడ అందించడానికి ఆవిడ నాలుగడుగులు వేస్తే ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళు కాపురం చేసినట్టుంది. వెనక నీళ్ళలా కదలాల్సిన పన్నెండుమంది అమ్మాయిల్లో ఎడమ నుంచి మూడో పిల్ల అరమాత్ర ముందుంటోంది, అయినా ఆ పన్నెండుమందిలోనూ సంగీతం వింటున్నది ఆ పిల్ల ఒక్కతే. ఆర్కెస్ట్రా నడిపించినాయనకి ఏదో రైలు అందుకోవాల్సిన తొందర ఉంది.

ఇవన్నీ నీకెలా తెలుసని ఈపాటికి చదవడం ఆపేసి ఉంటావు. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

నిన్ను పొగిడిన రివ్యూలు ఆరూ ప్రింటు తీసి చదివాను. ఒకరు నిన్ను రెండు సంస్కృతుల మధ్య వారధి అన్నారు. ఒకరు కొత్త కెనడా ముఖం అన్నారు. ఇంకొకాయన మీ అమ్మమ్మ గుడిలో నాట్యం చేసేదని కూడా ఊహించి రాశాడు. మా అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆరింటిలోనూ నీ ఒంటిరంగు ఉంది, మన ఇంటిపేరు ఉంది, నా చీర కూడా ఉంది, ఎవడికి కనబడిందో. నీ చేతులు లేవు. నీ మెడ లేదు. నువ్వు స్టేజి మీదికి రాకముందే వాళ్ళు చప్పట్లు కొట్టేశారు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. నా కూతురు పన్నెండేళ్ళు గోళ్ళూడేలా నేర్చుకున్న పనిని ఒక్కరంటే ఒక్కరు చూడలేదు.

చివరి వరస చూసింది. రాసినదాంట్లో మొదటి పేరా నువ్వు నీ ఉత్తరంలో కాపీ చేసి పంపావు. రెండో అంకంలో తలుపు దగ్గర ఆ అమ్మాయి ఎడమకి తిరగడం ఇదివరకే ఎవరో కొరికిన పండు అని, ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఇంకొకరి తుంటి నొప్పితో కుంటుతోందని. కొరికిన పండు అనే మాటకి ఫోరంలో వారం రోజులు చర్చ జరిగింది. ఒకాయన అది బైబిలు సంగతి అన్నాడు. ఒకావిడ అది మెచ్చుకోలేమో, రుచిగా ఉంటేనే కదా కొరుకుతారు అంది.

నువ్వు మాత్రం ఏమీ ఎరగనట్టు అడిగావు. "అమ్మా, చిన్నప్పుడు ఎవరో కొరికిన చాక్లెట్ నేను తింటుంటే నువ్వు లాక్కుని ఒక మాట అనేదానివి, ఏంటది?" అని.

ఎంగిలి. ఆ మాట ఎంగిలి. ఇంగ్లీషులో దానికి మాట లేదు, నేను వెతికాను, దొరక్క కొరికిన పండు అని రాశాను. ఈ దేశంలో ఒక డాన్సు గురించి రాస్తూ ఎంగిలి అనే మాట తట్టేది ఎంతమందికి? నీకు తెలిసిపోయిందని నీ ప్రశ్న చూడగానే నాకు అర్థమైంది. తెలిసే అడిగావు. నన్ను నా నోటితోనే చెప్పనిద్దామనుకున్నావు.

చెబుతున్నాను. చివరి వరస నేనే. పంతొమ్మిదేళ్ళుగా నేనే.

ఆ ఆదివారం మోకాలి నొప్పి, రాలేనని ఫోన్లో చెప్పాను చూడు, అది అబద్ధం. పొద్దున్నే బస్సెక్కి లండన్ వచ్చాను. నాన్నగారికి కూడా షాపింగ్ అని చెప్పాను. నేను హాల్లో ఉన్నానని తెలిస్తే నువ్వు నా కోసం ఆడతావు. ఏడేళ్ళప్పుడు స్టేజి మీద నుంచి నన్ను వెతుక్కుంటూ వరసంతా చెదరగొట్టావు, అప్పటి నుంచీ నాకు ఆ భయం. ఒక్కసారి, నా కోసం కాకుండా ఆడే ధరణిని చూడాలనుకున్నాను.

చూశాను. రెండో అంకంలో నువ్వు తలుపు దగ్గరికి వచ్చావు. తెడ్డు చప్పుడు వినబడింది. ఆగావు, సంగీతంలో రెండు మాత్రల కాలం ఆగి, ఎడమ భుజం మీదుగా తిరిగావు. నా ప్రాణం ఉసూరుమంది. ఎందుకంటే అది ఎలెన్ మలుపు.

నీకు ఆ వేషం నేర్పిన ఎలెన్‌ని అదే వేషంలో నేను పదకొండుసార్లు చూశాను. నువ్వు ఒక్కసారీ చూడలేదు. మొదట్లో ఆవిడ కుడికే తిరిగేది, ఒక్కోసారి తిరక్కుండా వింటూ ఉండిపోయేది. చివరి మూడేళ్ళూ కుడి తుంటి పాడయింది. కుడికి తిరగలేక ఎడమకి తిరిగింది. నొప్పి తగ్గడానికి ఆ రెండు మాత్రల కాలం ఆగేది. ఆ నొప్పితో ఆవిడ తిరుగుతుంటే హాలంతా ఊపిరి బిగపట్టేది, అది ఆవిడ గొప్పతనం. తరవాత అదే పాఠమైంది. పేపర్లో ఫొటో అయింది. నీకు అదే నేర్పింది. ఆవిడ తప్పు లేదు, తనకి తెలిసింది ఇచ్చింది. నీ తుంటికేం రోగం? ఇరవై నాలుగేళ్ళ పిల్లవి, రెండు పక్కలా సలక్షణంగా ఉన్నావు.

నువ్వు లేని తుంటి నొప్పి నటించావు. నేను లేని మోకాలి నొప్పి నటించాను. తల్లీకూతుళ్ళం సరిపోయాం.

షో అయ్యాక ఎదురుగా ఉన్న కాఫీ షాపులో కూర్చున్నాను. నువ్వు వెనక తలుపులోంచి ఆ నీలం టోపీ పెట్టుకుని ఒక్కదానివే వచ్చి, మెట్ల మీద నిలబడి అరటిపండు తిన్నావు. సగం తిని మిగతాది కోటు జేబులో పెట్టుకున్నావు. లేచి వచ్చి గట్టిగా పట్టుకోవాలనిపించింది. వస్తే బాగా చేశావు అనాల్సి వస్తుంది. అనలేక కూర్చున్నాను. తిరుగు బస్సులో, ఇంకా పొద్దుండగానే, ఫోన్లో అదంతా రాసి పెట్టేశాను. దిగేసరికే ఇద్దరు నాతో పోట్లాటకి దిగారు.

రాసినందుకు నేను సారీ చెప్పను. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. ఇరవై ఏడేళ్ళు మైక్రోస్కోపులో చూసింది చూసినట్టు రాసినదాన్ని. రోగి ఎవరి బంధువని రిపోర్టు మారిస్తే ఆ రోగికే ప్రమాదం. నా కూతురని చెప్పి నా కళ్ళు వేరేగా చూడవు.

అయితే ఒక తప్పు ఉంది, అది పెద్దదే. మీ తాతగారు హైస్కూల్లో హెడ్మాస్టరుగా ఉండేవారని చెప్పాను కదా. టీచర్ల మీద ఆయనకి ఉత్తరాలొచ్చేవి. విప్పగానే మొదట అడుగున చూసేవారు. ఇట్లు అని ఉండి, పేరుంటే ఎంత ఘాటుగా ఉన్నా చదివి జవాబిచ్చేవారు. పేరు లేకపోతే ఆకాశరామన్న ఉత్తరమని చదవకుండానే నీళ్ళ బాయిలర్లో పడేసేవారు. "చెప్పే ధైర్యం లేనివాడి నిజం నాకెందుకే" అనేవారు నాతో. ఆ ఇంట్లో పుట్టి, నేను పంతొమ్మిదేళ్ళు ఆకాశరామన్నగా బతికాను. మొదట్లో నా పేరు చూస్తే ఈవిడకి బ్యాలే ఏం తెలుసంటారని దాక్కున్నాను. నిజంగానే ఒకసారి పేరుతో రాస్తే, మీ సంస్కృతికి ఇది కొత్త కదా అని ఒకాయన మెత్తగా అన్నాడు. తరవాత అలవాటైపోయింది. ఇంతకాలం అవి పై వాళ్ళ కూతుళ్ళు. ఈసారి నా కూతురు. పేరు పెట్టకుండా నీ మీద రాయడం నేను చెయ్యకూడని పని. దానికి మాత్రం నన్ను క్షమించు.

నిన్న మధ్యాహ్నం ఫోరంలో నా అసలు పేరు పెట్టేశాను. పోస్టు తీసెయ్యలేదు. దాని కిందే, నేను పద్మినిని, నేను ఎవరి గురించి రాశానో ఆ డాన్సర్ నా కూతురు, పై మాటలన్నీ నావే, అన్నిటికీ కట్టుబడి ఉన్నాను అని రాశాను. ఫోరం నడిపే ఆవిడ గంటలో జవాబిచ్చింది. రూలు ప్రకారం ఇకమీదట మీ కంపెనీ గురించి నేనక్కడ రాయకూడదట. న్యాయమే. కొందరు నన్ను రాక్షసి తల్లి అన్నారు. బాలత్రిపురసుందరి గారికి ఎవరు చేరవేశారో గానీ సాయంత్రానికే ఫోన్ చేసి, "కన్నకూతుర్ని నలుగురిలో అలా అంటావా అమ్మా" అన్నారు. "నలుగురూ అనాల్సింది అనకపోతే తల్లే అనాలి ఆంటీ" అన్నాను. నాన్నగారు అంతా విని, లండన్ షాపింగులో ఏం కొన్నావని మాత్రం అడిగారు. ఆయనతో ఇంకా తేలలేదు.

ఇప్పుడు నీ మీద నా ఫిర్యాదు. నువ్వు నా రెండో పేరా చదవలేదు. చదివి ఉంటే ఆ వేషం వెనక్కి ఇస్తానని రాయవు. మొదటి అంకంలో మరవాడి కూతురు పిండి జల్లిస్తూ, చేతులకి పిండి ఉందని ముంజేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది, ఆ ఒక్క క్షణం కోసం నేను మళ్ళీ బస్సెక్కి వస్తాను అని రాశాను. ఎలెన్ అది ఎప్పుడూ చెయ్యలేదు. పదకొండుసార్లలో ఒక్కసారీ లేదు. అది స్టెప్పుల్లో లేదు, నీకు ఎవరూ నేర్పలేదు, చేస్తున్నట్టు నీకే తెలిసి ఉండదు. ఆ వేషం నీది అని నాకు తెలిసింది అక్కడ. ఎంగిలి అన్న కోపం అందుకే వచ్చింది. చేతకానివాళ్ళ మీద నేను రెండు లైన్లు కూడా రాయను.

అది మాత్రం ఎవరిదమ్మా, మన వంటింట్లో చపాతీలు వత్తుతూ నువ్వు చేసేదేగా, అదీ ఎంగిలేగా అంటావు. నాకు తెలుసు నువ్వు అంటావని. అదీ ఇదీ ఒకటి కాదు. మనింట్లో అమ్మ కంచంలోది ఎప్పుడూ ఎంగిలి కాలేదు.

కాబట్టి పదమూడో తారీకులోపల మీ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళి, నాలుగు షోలూ చేస్తానని చెప్పు. ఎలెన్‌తో కూడా నువ్వే మాట్లాడు. ఆ మలుపు ఎందుకు మొదలైందో ఆవిణ్ణి అడుగు. ఆవిడ నవ్వుతుందనే నా నమ్మకం. నీకు నా మీద కోపముంటే ఉండనీ, ఉత్తరం రాయకపోయినా సరే. నా మీది కోపం ఆ వేషం మీద చూపించకు.

ఏప్రిల్ పన్నెండు ఆదివారం మ్యాట్నీకి రెండు టికెట్లు కొన్నాను. నాన్నగారూ వస్తున్నారు, నిద్రపోతే గిల్లుతాను. ఈసారి బాల్కనీ కాదు. మొదటి వరస, సరిగ్గా మధ్యలో. నువ్వు తల తిప్పితే కనబడేటంత దగ్గర. కనబడకుండా చూడటం నాకింక చాలు. నన్ను చూసి కూడా నా కోసం కాకుండా ఆడగలవేమో చూస్తాను.

తలుపు దగ్గర ఏ పక్కకి తిరగాలో నేను చెప్పను. కుడికి తిరుగు, ఎడమకి తిరుగు, తిరక్కుండా వింటూ నిలబడు. తిరిగితే అది నీ మెడ కావాలి, అంతే. బాగుంటే లేచి నిలబడతాను. బాగాలేకపోతే నా చేతులు ఒళ్ళోనే ఉంటాయి, అదీ నీకు కనబడుతుంది. ఇంటికొచ్చి ఉత్తరం రాస్తాను. దాని అడుగున కూడా ఇలాగే ఉంటుంది.

ఇట్లు,
నీ అమ్మ,
పద్మిని,
చివరి వరస.